మొదటిసారి బాల్ పైథాన్ పిల్లల్ని తీయించడం: చెయ్యొచ్చా, మానుకోవాలా?

డాలస్_శీను:
అందరికీ నమస్తే. మా ఇంట్లో రెండు బాల్ పైథాన్లున్నాయి (ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువలు). ఆడది మామూలు గోధుమరంగుది, మూడున్నరేళ్లు. మొన్న వంటింటి కాటాలో తూస్తే 1,420 గ్రాములుంది. (ఆ కాటా ఇప్పుడు నాకే వదిలేశారు, వంటింట్లోకి కొత్తది వచ్చింది.) మగది బంబుల్ బీ అనే రంగు రకం, రెండేళ్లు, 700 గ్రాములు. పసుప్పచ్చ ఒంటి మీద సన్నటి నల్లగీతలు, చూస్తే చూపు తిప్పుకోలేం. ఈ నవంబరులో రెండింటినీ కలుపుదామని ఉంది. ఇంక్యుబేటర్ కూడా కొనేశాను. ఇక్కడి రెప్టైల్ షోలో ఒకాయన "ఒక్క విడత గుడ్లతో మగదాని ఖరీదు తిరిగొచ్చేస్తుంది" అన్నాడు. మా ఆవిడేమో "రెండు పాములతో కాపురం చేస్తున్నాను, పదింటితో నావల్ల కాదు" అంటోంది. చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

హ్యూస్టన్_బావ:
శీను గారూ, మీ ఆవిడ మాట వినండి. వేళాకోళం కాదు.

నేను 2024లో ఒకే ఒక్కసారి చేశాను. మే 18న మా ఆడది ఏడు గుడ్లు పెట్టింది. ఒకటి వట్టి గుడ్డు, పచ్చగా ముడుచుకుపోయి ఉంది. మిగతా ఆరూ ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా ఉన్నాయి. విడదీయకుండా, దొర్లించకుండా, ఏ వైపు పైకుందో పెన్సిలుతో గుర్తుపెట్టి డబ్బాలోకి మార్చాను. ఇది కోడిగుడ్డు కాదు కదా, తలకిందులు చేస్తే లోపలి పిల్ల చచ్చిపోవచ్చు. 31.5 డిగ్రీల దగ్గర పెట్టాను. దాదాపు రెండు నెలల పని. యాభై రోజులు ఏ గొడవా లేదు. జులై 8న బెరిల్ తుపాను వచ్చి కరెంటు పట్టుకుపోయింది. మా వీధికి నాలుగు రోజులు రాలేదు.

గుడ్లు చల్లారిపోతాయని కంగారుపడ్డాను. తీరా చూస్తే కష్టం అటువైపు నుంచి వచ్చింది. హ్యూస్టన్‌లో జులై, ఏసీ లేదు, ఇల్లే ఇంక్యుబేటర్ అయిపోయింది. డబ్బాలో 34 దాటబోతోంది. బాత్రూంలో నేల మీద పెట్టి, చుట్టూ తడి తువ్వాళ్లు చుట్టి, రాత్రంతా గంటకోసారి థర్మామీటరు చూసుకుంటూ కూర్చున్నాను. ఇంకోపక్క గరాజ్ ఫ్రీజర్లో నలభై గడ్డకట్టిన ఎలుకలు. మూడో రోజుకి అవి ఏమయ్యాయో రాయను, మీరు అన్నం తింటూ చదువుతూ ఉండొచ్చు. ఆ నెలలోనే మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. ఆవిడ ఉల్లిపాయ కూడా తినదు.

ఆరూ బతికాయి. ఒకదానికి తోక కొసన చిన్న వంకర ఉంది. ఆ వేడివల్లో, ముందే ఉందో తెలీదు. వారం పది రోజులకి తొలి కుబుసం విడిచాయి, అక్కణ్ణించి తిండి మొదలవ్వాలి. పెద్దవాటికి ఫ్రీజర్ ఎలుకని వేణ్ణీళ్లలో కరిగించి ఇస్తే చాలు. ఈ బుడతలకి కదిలేది కావాలి, కళ్లు తెరిచిన చిట్టెలుక ప్రాణంతో కావాలి. నాలుగు తిన్నాయి. ఒకటి ఆరో వారానికి ముట్టింది. ఆఖరిదానికి నోరు తెరిచి ఎలుకపిల్ల తల అందించాల్సొచ్చింది. అది నేర్పినవాడు ఫోన్లో వీడియో పెట్టి చూపిస్తున్నాడు, నా చెయ్యి వణుకుతోంది, అమ్మ తలుపు బయట విష్ణుసహస్రనామం చదువుతోంది.

ఇక అమ్మకం. పోస్టాఫీసు పాముల్ని తీసుకోదు. కొరియర్లో ఒక్కరాత్రిలో చేరేలా పంపాలంటే ఆ ఖర్చు మామూలు రంగు పిల్ల ఖరీదుని మించిపోతుంది. రెండు అమ్ముడుపోయాయి. మూడు తొట్టెలతో సహా ఊరికే ఇచ్చేశాను. తోక వంకరది ఇంకా నా దగ్గరే ఉంది.

పలాసజీడి:
బావగారి కథ బాగుంది, కానీ అందులో సగం తప్పు తుపానుది. ఇన్వర్టరో చిన్న జనరేటరో ఉంటే రెండు పేరాలు తగ్గేవి.

తొమ్మిదేళ్లుగా న్యూజెర్సీలో చేస్తున్నాను. అందరం ఏదో ఒక రోజు మొదటి గుడ్డు చూసి బెదిరినవాళ్లమే. ఘనా, టోగో, బెనిన్ అడవుల నుంచి ఏటా ఈ పాముల్ని మూటగట్టి పంపుతుంటే, ఇంట్లో పుట్టిన పిల్ల దొరికేలా చెయ్యడం తప్పెలా అవుతుంది? అడవి నుంచి వచ్చింది పురుగులతో, పిడుదులతో, తినకుండా వస్తుంది. ఇంట్లో పుట్టింది తింటుంది.

కాకపోతే శీనూ, 1,420 చాలదు. 1,500 దాటాలి, దాటి ఆగాలి. గుడ్లు కడుపులో ఉన్నన్నాళ్లూ ఆడది తినదు, నెలల తరబడి. గుడ్లు పెట్టేసరికి వెన్నుపూస బయటికి కనిపించేలా చిక్కిపోతుంది. ముందే కండ లేకపోతే అక్కడే పోతుంది. గుడ్డు లోపల అడ్డుపడితే ఆపరేషన్ చెయ్యగల డాక్టరు మీకు ఎంత దూరంలో ఉన్నాడో ఇప్పుడే కనుక్కో. కుక్కల డాక్టరు పనికిరాడు. ఇవన్నీ చూసుకుని వచ్చే ఏడాది చెయ్యి. భయపడి మానుకోవద్దు.

కుబుసం:
ఎవరూ ఒక ముక్క పట్టుకోలేదా? శీను గారూ, మీ మగది బంబుల్ బీ అన్నారు. బంబుల్ బీ అంటే పాస్టెల్, స్పైడర్ అనే రెండు రంగు జన్యువులూ కలిసినది. అది ఎలుకని పట్టేటప్పుడు ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా?

నేను ఇంగ్లండులోని లెస్టర్‌లో ఒక పెట్ క్లినిక్‌లో పనిచేస్తాను. స్పైడర్ పాము తల మెల్లగా ఒక పక్కకి ఒరుగుతుంది, వెనక్కి తిరుగుతుంది, ఎవరో పైనుంచి దారం లాగుతున్నట్టు. ఎలుక మీదికి దూకి పక్కనున్న గాలిని కొడుతుంది. ఎత్తి పట్టుకుంటే ఏది పైనో ఏది కిందో తెలియక మెలికలు తిరుగుతుంది. ఇది అలవాటు కాదు. 2022లో సీటీ స్కాన్లతో చేసిన పరిశోధనలో, ఈ రకం పాముల లోపలి చెవి భాగాలు, అంటే ఒంటి బ్యాలెన్స్ తెలిపేవి, వికారంగా ఏర్పడి ఉన్నాయని తేలింది. ఆ గీతలు ఇచ్చే జన్యువే ఈ వంకరా ఇస్తుంది. గీతలు ఉంచుకుని వంకర తీసెయ్యడం ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదు. ఇక్కడ ఇంటర్నేషనల్ హెర్పెటాలజికల్ సొసైటీ 2018లోనే తమ షోలలో స్పైడర్ అమ్మకం ఆపేసింది.

మీ జతకి లెక్క వేద్దాం. ఆడది మామూలుది కాబట్టి గుడ్డుగుడ్డుకీ సగానికి సగం అవకాశం, ఆ పిల్ల స్పైడర్ జన్యువుతో పుడుతుందని. నాలుగో వంతు బంబుల్ బీ, నాలుగో వంతు స్పైడర్, నాలుగో వంతు పాస్టెల్, మిగతాది మామూలుది. అంటే షోలో ఆయన చెప్పిన డబ్బు, తల తిరిగే పిల్లల నుంచే రావాలి. మిగతా వాటిని బావగారిలా తొట్టెలతో సహా పంచిపెట్టాలి.

పలాసజీడి:
కుబుసం గారూ, అందరూ ఇదే పాట. మా దగ్గర ఒక స్పైడర్ పదేళ్లుగా ఉంది. ఏ రోజూ తిండి మానలేదు, బరువు తగ్గలేదు. తల కొంచెం ఊగుతుంది, అంతే. దానికి బాధ ఉంటే తింటుందా?

కుబుసం:
కళ్లు తిరిగే జబ్బున్న మనిషికి ఆకలి వెయ్యదా అండీ? మా మామయ్యకి ఆరేళ్లుగా ఉంది. మూడు పూటలా తింటాడు, గోడ పట్టుకుని నడుస్తాడు.

మీ దగ్గరున్నదాన్ని బాగా చూసుకోండి, ఎవరూ కాదనరు. పుట్టనిదాన్ని ఆ తలతో పుట్టించడం వేరు.

పలాసజీడి:
సరే, మామయ్యగారి మాటకి నా దగ్గర జవాబు లేదు. శీనూ, మగదాన్ని మార్చు. ఒట్టి పాస్టెల్ తీసుకో. జత కట్టించే హక్కు మాత్రం వదులుకోకు.

చార్మినార్_చాయ్:
అన్నలూ, నాదొక డౌటు. హైదరాబాద్‌ల నా దగ్గర ఒక బాల్ పైథాన్ ఉంది, బెంగళూరుల ఒకతని దగ్గర కొన్న. దానికి జోడీ తెచ్చి పిల్లలు చేస్తే నడుస్తదా? మా దోస్తులు నలుగురు ఇప్పుడే బుక్ చేసుకుంటమంటున్నరు.

పుట్టలోవేలు:
తమ్మీ, పిల్లల సంగతి తర్వాత, ముందు నీ దగ్గరున్నదానికి కాయితం ఉందా? వన్యప్రాణి చట్టానికి 2022ల చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బయటి దేశాల ఇలాంటి జంతువులు నాలుగో షెడ్యూల్‌లకు వచ్చినయి. 2024 ఫిబ్రవరిల రూల్స్ వచ్చినయి. కేంద్ర ప్రభుత్వం పరివేష్ పోర్టల్‌ల నీ పాముని నమోదు చెయ్యాలె, చేతులు మారితే చెప్పాలె, పిల్లలు పుడితే అదీ చెప్పాలె. "బెంగళూరుల ఒకతను" అంటే అక్కడ నడవది. నీ దోస్తులు నలుగురు గూడ అదే లెక్కల చిక్కుతరు.

నేను పాములు పట్టే వాలంటీర్‌ని. కాలనీలల్ల పాము దూరిందని ఫోనొస్తే పోత. బాల్ పైథాన్ పిల్ల ఒకటి తప్పించుకుని పక్కింటి చెప్పుల స్టాండ్‌ల దొరికిందనుకో. మచ్చలు చూసి రక్తపింజర అంటరు, నేను పోయేదాక కర్ర ఆగదు. ఇంకోటి గూడ చెప్పుత: దీన్ని చూసి జెర్రిపోతునో మన కొండచిలువనో పెంచుదామనుకునేటోళ్లు ఉంటరు. మన దేశపు పాముని ఇంట్ల పెట్టుకునుడే నేరం, ఏ పోర్టల్ గూడ కాపాడది.

చార్మినార్_చాయ్:
కాయితం లేదన్నా. పోయి అడుగుత. దోస్తులకి ఇయ్యాల్నే వద్దని చెప్పిన.

హ్యూస్టన్_బావ:
శీను గారూ, ఒక్క లెక్క మిగిలింది. ఇవి ఇరవై ముప్పయ్యేళ్లు బతికే ప్రాణులు. సెయింట్ లూయిస్ జూలో ఒక బాల్ పైథాన్ 1961లో చేరింది. 2020లో, అరవై రెండేళ్లు దాటిన వయసులో, పదిహేనేళ్లకు పైగా మగపాము మొహమే చూడకుండా ఏడు గుడ్లు పెట్టింది. మీరు నలభైల్లో ఉన్నారనుకుంటాను. ఆరు పిల్లల్ని తెస్తే, కొన్నవాళ్లు రెండేళ్లకి విసుగుపుట్టి "తిరిగి తీసుకుంటారా" అని ఫోన్ చేస్తారు. నాకు ఇప్పటికే ఒక ఫోనొచ్చింది. తీసుకున్నాను. కాబట్టి ఇప్పుడు నా దగ్గర ఇద్దరు.

డాలస్_శీను:
అందరికీ థాంక్స్. కుబుసం గారూ, మీరు రాసింది చదివి ఆ రాత్రే మా వాడికి ఎలుక పెట్టి లైటు దగ్గర కూర్చుని చూశాను. మూడుసార్లు గురి తప్పాడు. నాలుగోసారి పట్టుకుని, పట్టుకున్నాక తల వెల్లకిలా తిప్పేసుకుని అలాగే ఉండిపోయాడు. ఇన్నాళ్లూ నేను దాన్ని "మావాడు స్టైల్ కొడతాడు" అని వీడియో తీసి గ్రూపుల్లో పెట్టేవాణ్ణి.

ఈ నవంబరు లేదు. వాణ్ణి ఎప్పటికీ కలపను. ఆడదాని సంగతి, పలాస గారు చెప్పినట్టు బరువు పెరిగాక, వేరే మగది దొరికితే, మా ఆవిడ ఒప్పుకుంటే చూస్తా. మూడింటిలో మూడోదే కష్టం.

పలాసజీడి:
మరి కొన్న ఇంక్యుబేటర్? అమ్మేస్తే నేను తీసుకుంటా.

డాలస్_శీను:
లేటు అయిపోయారు. చలికాలం మా ఇంట్లో పెరుగు తోడుకోదు, నీళ్లలా ఉంటుంది. మొన్న రాత్రి మా ఆవిడ గిన్నె తీసుకెళ్లి అందులో పెట్టింది. పొద్దున్నకి చెంచా నిలబడింది. ఇక దాన్ని ఇంట్లోంచి కదలనివ్వదు.