లిమిటెడ్ ఎడిషన్ హాలోబాడీ: చెక్కిన టాపా, లామినేటా?

ఆరోతీగ: జాజ్ కోసం లిమిటెడ్ ఎడిషన్ హాలోబాడీ (లోపల బోలుగా ఉండే ఎలక్ట్రిక్) గిటార్ చూస్తున్నానండీ. ఒకదానికి టాప్, అంటే పైపలక, చెక్కిన స్ప్రూస్ చెక్క, ఇంకోదానికి లామినేట్ మేపుల్ చెక్క. ధరలో అంత తేడా ఎందుకు?

స్ప్రూస్‌ప్రియ: దళసరి స్ప్రూస్ పలకని మధ్యలో ఉబ్బుగా, అంచుల వైపు పల్చబడేలా చెక్కి, మధ్యమధ్యలో తట్టి వింటూ లోపల బ్రేసులు (పలకకి ఊతమిచ్చే కర్రలు) అతికిస్తారు, డబ్బంతా ఆ చేతిపనికే. లామినేట్ అంటే పల్చటి చెక్క పొరల్ని అతికించి అచ్చులో నొక్కేస్తారు. ఆంప్ లేకుండా వాయిస్తే తేడా బాగా వినబడుతుంది.

బాప్‌లైన్: అలాగని లామినేట్‌ని తీసిపారేయకండి. 1949లో వచ్చిన గిబ్సన్ ఇఎస్-175 లామినేటే, జాజ్ గిటారిస్ట్ జో పాస్ వాయించింది దాని మీదే. టాప్ తక్కువ కంపిస్తుంది కాబట్టి స్టేజీ మీద ఫీడ్‌బ్యాక్ (ఆంప్ శబ్దానికి గిటార్ మళ్లీ కంపించి కూతపెట్టడం) గోల తక్కువ.

ఆరోతీగ: నేను ఎక్కువగా డ్రమ్స్ పక్కనే వాయిస్తాను.

స్ప్రూస్‌ప్రియ: డ్రమ్స్ పక్కన ఆంప్ పెంచాల్సొస్తుంది, అయితే లామినేటే తీసుకోండి. "లిమిటెడ్" అన్నా చాలాసార్లు మారేది రంగూ హార్డ్‌వేరే, కాబట్టి బ్రేసింగ్ ఏంటో ముందు అడగండి.