‘మనవలు అసూయపడేంత సంతోషం’: లెనిన్‌గ్రాద్ ముట్టడిలో రాసిన ఆ మాట నిజమా, రేడియో కోసం అన్నదా?

పాతపుస్తకాల_సంచి:
ఆదివారం సాయంత్రాలు మా డిగ్రీ పిల్లలు ఎనిమిది మందితో కూచుని కవితలు చదువుతున్నాం, ఈ నెల రష్యన్ కవయిత్రి ఓల్గా బెర్గోల్ట్స్ కవిత ‘ఫిబ్రవరి డైరీ’. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1941 సెప్టెంబర్ 8న జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాద్‌కి (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) నేల దారులన్నీ మూసేసింది, అది పూర్తిగా వదిలింది 1944 జనవరి 27న, అంటే 872 రోజులు. ఓల్గా అక్కడ రేడియోలో పనిచేసేది. 1942 జనవరి 29న భర్త నికొలాయ్ మొల్చనోవ్ ఆస్పత్రిలో పోయాడు, ఆ వెంటనే ఫిబ్రవరిలో ఇది రాసి రేడియోలో చదివింది.

కవిత ఎలా మొదలవుతుందంటే, స్నేహితురాలు ఇంటికొస్తుంది, నిన్న తన మనిషిని పాతిపెట్టొచ్చానని ఏడవకుండా చెప్తుంది, ఇద్దరూ తెల్లారేదాకా మాట్లాడుకోరు. నేను మాత్రం ఏం మాట చెప్పను, నేనూ లెనిన్‌గ్రాద్ విధవనే కదా అనుకుంటుంది ఈవిడ. రేపటికని దాచుకున్న రొట్టె తినేసి ఒకే శాలువా ఇద్దరూ చుట్టుకుని కూచుంటారు, ఊరంతా నిశ్శబ్దం, రేడియోలో మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) ఒక్కటే టిక్కు టిక్కుమంటూ ఉంటుంది. ఇంతవరకూ పిల్లలెవరికీ పేచీ లేదు. పేచీ అంతా తర్వాత వచ్చే చరణం దగ్గర. మురికిలో, చీకట్లో, ఆకలితో, చావు నీడలా వెంటపడి వస్తుంటే మేం ఎంత సంతోషంగా ఉన్నామంటే, ఎంత స్వేచ్ఛగా ఊపిరి పీల్చామంటే, మనవలు చూస్తే అసూయపడతారు అంటుంది. నలుగురు పిల్లలు ఇది గవర్నమెంట్ రేడియో కోసం రాసిన మాట అని పుస్తకం మూసేశారు. నా మటుకు నాకు ఇది కవిత మొత్తంలో అన్నిటికంటే నిజమైన మాట అనిపిస్తుంది. మీరేమంటారు?

కచ్చితంగా_చెప్పండి:
నేను మీ స్టూడెంట్స్ వైపే అండీ. 1941 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 దాకా ఆఫీసువాళ్ళకి, ఇంట్లో ఉండేవాళ్ళకి, పిల్లలకి రోజుకి ఇచ్చింది 125 గ్రాముల రొట్టె, ఫ్యాక్టరీ వాళ్ళకైతే 250. అదీ ఉత్త పిండి కాదు, పత్తిగింజల చెక్క కలిపేవాళ్ళు, మన దగ్గర గేదెలకి నానబెట్టి పెడతామే అది. నిన్న మా కిచెన్ తూకం మీద మామూలు బ్రెడ్ పెట్టి చూశా, 125 అంటే ఐదు ముక్కలు కూడా నిండలేదు, ముట్టడి రొట్టె తడిగా బరువుగా ఉండేది కాబట్టి ముక్క ఇంకా చిన్నది, అరచేతిలో పడుతుంది. యుద్ధం తర్వాత నాజీల మీద జరిగిన నురెంబర్గ్ విచారణలో చెప్పిన లెక్కే 6 లక్షల 30 వేల పైన చనిపోయారని. వాళ్ళందరి తరఫున ‘మేం సంతోషంగా ఉన్నాం’ అనే హక్కు ఒక రేడియో ఉద్యోగికి ఎవరిచ్చారు? విశాలాంధ్ర బండి దగ్గర చవగ్గా సోవియట్ పుస్తకాలు కొనుక్కున్న ఇళ్ళలో పెరిగిన మనకి ఇలాంటి చోట కళ్ళు చెమ్మగిల్లడం అలవాటైపోయింది, మా నాన్నగారూ అంతే, నేనూ అంతే, అందుకే ఇప్పుడు ఆగి అడుగుతున్నా.

రేడియో_గూడు:
చిన్న సవరణ. ఈ కవిత రాసేనాటికి 125 గ్రాముల రోజులు దాటిపోయాయి, డిసెంబర్ 25న కాస్త పెంచారు, జనవరిలో ఒకసారి, ఫిబ్రవరి 11న ఇంకోసారి, ఇంట్లో ఉండేవాళ్ళకి 300 అయింది. కానీ తిండి పెరిగినా జనం చనిపోవడం ఆగలేదు, అప్పటికే ఒళ్ళు గుల్లయిపోయింది. ఆ ‘నిప్పూ నెత్తురూ చెరిసగం కలిసిన 125 గ్రాములు’ అన్న ఫేమస్ లైన్ ఈవిడదే గానీ ఈ కవితలోది కాదు, అదే ఏడాది తర్వాత రాసిన ‘లెనిన్‌గ్రాద్ కావ్యం’లోది, చాలామంది కలిపేస్తారు.

ఇంకోటి మెట్రోనోమ్ గురించి, అదేదో కవితాత్మకంగా పెట్టింది కాదు. ప్రోగ్రాం లేనప్పుడు రేడియోలో అది మోగేది, నెమ్మదిగా కొడితే ఫర్లేదని, వేగంగా కొడితే విమానాలొస్తున్నాయని. అది వినిపిస్తోందంటే ఊరు ఇంకా బతికుందని అర్థం. కాబట్టి ఆవిడ ఉద్యోగాన్ని తీసిపారేయకండి, రాత్రి చీకట్లో మంచం మీద కదల్లేక పడున్నవాళ్ళకి ఆ గొంతొక్కటే దిక్కు.

పాతపుస్తకాల_సంచి:
థ్యాంక్స్ సార్, నోట్స్‌లో దిద్దుకుంటాను. హక్కు ఎవరిచ్చారు అన్నదానికి నా జవాబు ఆవిడ జీవితంలో ఉంది. 1938 డిసెంబర్‌లో ఈవిడని ఇదే గవర్నమెంట్ అరెస్టు చేసింది, 1939 జులైలో వదిలారు, కడుపులో బిడ్డ జైల్లోనే పోయింది. మొదటి భర్త బొరీస్ కొర్నీలొవ్ కూడా కవే, ఆయన్ని 1938లో కాల్చేశారు. అంతకుముందే ఇద్దరు కూతుళ్ళు జబ్బుచేసి పోయారు. ఆవిడ సొంతానికి రాసుకున్న డైరీలు కూడా తీసుకుపోయి చదివి ఇచ్చారు, అయినా ముట్టడిలో మళ్ళీ దొంగచాటుగా డైరీ రాస్తూనే ఉంది. అలాంటి మనిషి ఊపిరి పీల్చుకున్నాం, స్వేచ్ఛ అంటోందంటే ఆ మాటకి వేరే బరువుంది కదా. ఇంక పోగొట్టుకోడానికి ఏం మిగల్లేదు, పక్కవాడి మీద అనుమానం లేదు, అందరిదీ ఒకే ఆకలి, మనసులో మాట నోట్లోంచి వచ్చేస్తోంది. ఆ స్వేచ్ఛ గురించే చెప్తోందని నేననుకుంటున్నా, గవర్నమెంట్ ఇచ్చిన స్వేచ్ఛ గురించి కాదు.

కచ్చితంగా_చెప్పండి:
మరి అదే డైరీ పూర్తిగా చదవండి మేడమ్. భర్త చావుబతుకుల్లో ఉన్నప్పుడే రేడియోలో తోటి ఉద్యోగి గెయోర్గీ మకొగొనెంకొ మీద ప్రేమలో ఉంది, తర్వాత ఆయన్నే పెళ్ళాడింది. ‘నేనూ విధవనే’ అని రేడియోలో చదివేటప్పుడు వినేవాళ్ళకి ఇది తెలియదు. సంతోషం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. తప్పుపట్టడం కాదు, తన సొంత సంతోషాన్ని ఊరందరి సంతోషంగా చేసి చెప్పింది అంటున్నా.

అలికిన_ముంగిలి:
ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాయలేదు, ఇది చూశాక ఉండబట్టలేదు. మా వారిని పదకొండు నెలలు మంచంలో చూసుకున్నాను, ఒక్కదాన్నే. ఆకలీ బాంబులూ లేవు, పోల్చను, పోల్చకూడదు. కానీ ఆ రోజుల్లో పక్కింటావిడ గ్లాసుడు టీ తెచ్చి చేతికిస్తే ఆ గ్లాసు వేడికి నాకెంత ప్రాణం లేచొచ్చేదో, లోపల మనిషి మూలుగుతుంటే గుమ్మం దగ్గర నేను నవ్విన రోజులు కూడా ఉన్నాయి బాబూ. ఆ నవ్వు ఆయన మీద ప్రేమ లేక కాదు. ఓల్గా కూడా భర్తని ప్రేమించింది, ఆయన పోయినందుకు కుమిలిపోయింది, ఇంకో బతికున్న మనిషి చెయ్యీ పట్టుకుంది, మూడూ నిజాలే. కవితలో ఇంకోచోట ఒకావిడ మొగుణ్ణి ఎక్కడికో నడిపించుకుపోతుంటుంది చూశారా, ముఖానికి మంచు పట్టి తెల్లటి ముసుగులా ఉంటుంది, చేతిలో చిన్న క్యాను, అందులో రాత్రికి సూపు. పైన ఫిరంగి గుళ్ళు ఈలలేస్తుంటాయి. నాకు ఆ క్యానే ప్రేమ. దాన్ని ఒలకకుండా పట్టుకోడం.

ఉత్తరపు_గాలి:
నేను పీటర్స్‌బర్గ్‌లో ఎంబీబీఎస్ చేశా, ఆరేళ్ళు. పిస్కర్యోవ్‌స్కొయె శ్మశానానికి మా క్లాస్‌మేట్ వాళ్ళ నానమ్మతో వెళ్ళా ఒకసారి, అక్కడ దాదాపు 4 లక్షల 90 వేల మంది ఉన్నారు, గుట్టల్లా పొడుగ్గా సమాధులు, రాయి మీద పేర్లుండవు, సంవత్సరం ఉంటుంది, 1942, 1942, 1942 అలా. గోడ మీద మాటలు ఈవిడవే, ఎవరినీ మరవలేదు, దేన్నీ మరవలేదు అని. ఆ నానమ్మ బ్యాగులోంచి రొట్టె ముక్క తీసి అక్కడ పెట్టింది.

అసలు విషయానికొస్తే మీరందరూ ఇంగ్లీష్ నుంచి చదువుతున్నట్టున్నారు, అందుకే ఈ గొడవ. రష్యన్‌లో ఆ చరణంలో ‘బీలి’ అనలేదు, ‘బివాలి’ అంది. బీలి అంటే ఉన్నాం, అయిపోయింది. బివాలి అంటే అప్పుడప్పుడూ, ఒక్కోసారి అలా ఉండేవాళ్ళం అని. సంతోషంగా బతికాం అనడం లేదండీ ఆవిడ, మధ్యమధ్యలో అలాంటి క్షణాలు తగిలేవి అంటోంది. అసూయ కూడా ‘పడతారు’ కాదు, చూసుంటే పడేవాళ్ళేమో అన్నట్టుంటుంది. ఆ వెంటనే వచ్చే చరణం ఎవరూ ఎత్తలేదేంటి? మేం ‘భయంకరమైన సంతోషం’ కనిపెట్టాం అంటుంది, ఎప్పుడంటే ఆఖరి రొట్టె పెచ్చు పంచుకున్నప్పుడు, ఆఖరి చిటికెడు పొగాకు పంచుకున్నప్పుడు, పొగచూరే చిన్న మంట దగ్గర అర్ధరాత్రి దాకా గెలిచాక ఎలా బతకాలో చెప్పుకున్నప్పుడు. సంతోషానికి భయంకరం అని విశేషణం తగిలించాక కూడా ప్రాపగాండా అంటే ఎలా అన్నా?

రేడియో_గూడు:
ప్రాపగాండా అనేవాళ్ళు ఇది కూడా చూడాలి. 1942 మార్చిలో ఆవిడ మాస్కో వెళ్ళింది, అక్కడ ఆకలి గురించి మాట్లాడనివ్వలేదు, వీరత్వం గురించి చెప్పు చాలన్నారు, ఆ మంట అంతా డైరీలో ఉంది. అదే నెలలో వాళ్ళ నాన్నని, డాక్టరాయన, ఊళ్ళోంచి సైబీరియాకి పంపించేశారు. యుద్ధం అయ్యాక ముట్టడి మ్యూజియం పెట్టారు, 1949లో మూసేశారు, ఆవిడ రేడియో ప్రసంగాల పుస్తకం లైబ్రరీల్లోంచి తీసేశారు. ప్రభుత్వానికి అంత పనికొచ్చే కవే అయితే ఇవన్నీ ఎందుకు జరుగుతాయి.

కచ్చితంగా_చెప్పండి:
‘బివాలి’ నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా, దాంతో నా కోపం సగం పోయింది. అలికిన_ముంగిలి గారూ, ప్రేమ గురించి నేనన్నది తొందరపాటు మాట, వెనక్కి తీసుకుంటున్నా అక్కా. కానీ ‘మేం’ దగ్గర నేను కదలను. కవితలో పిల్లల స్లెడ్ బండ్లు నెవ్‌స్కీ రోడ్డు మీద కిర్రుకిర్రుమంటూ పోతుంటాయి, వాటి మీద గిన్నెల్లో నీళ్ళు, కట్టెలు, శవాలు, జబ్బుపడ్డవాళ్ళు. పిల్లల బండి ఉంది, దాని మీద ఆడుకునే పిల్ల ఆ వాక్యంలో లేదు. ఆ పిల్ల ఈ ‘మేం’లో ఉందా?

పాతపుస్తకాల_సంచి:
మీ ప్రశ్నతో రాత్రంతా కూచున్నా. రష్యన్‌లో ఆ మాట ‘మీ’ అట, ఒకటే మాట, ఇంగ్లీష్‌లోనూ ఒకటే. తెలుగులోకి తెచ్చేటప్పుడు మాత్రం మేం అనాలా మనం అనాలా తేల్చుకోక తప్పదు. నేను ఆలోచించకుండా మేం అని రాసేశా. మేం అంటే ఊరి బయట నిలబడ్డ మనకి చెప్తున్నట్టు, అప్పుడు మీరన్నది నిజమే, చచ్చిపోయినవాళ్ళ తరఫున గొప్ప చెప్పినట్టే ఉంటుంది. కానీ ఆవిడ అది చదివింది ఆ ఊళ్ళోనే, చీకటి గదుల్లో రేడియో కింద పడుకున్నవాళ్ళకి. వాళ్ళతో అయితే మనం అనే అంటుంది. ‘ఒక్కోసారి మనం ఎంత సంతోషంగా ఉండేవాళ్ళం’ అని పక్కన కూచుని గుర్తుచేసినట్టు, విన్నావిడ అవునూ అనొచ్చు, కాదని మొహం తిప్పుకోనూవచ్చు.

కచ్చితంగా_చెప్పండి:
మనం అంటే నేను వినగలను. ఆ పిల్ల సంగతి అలాగే ఉంది.

పాతపుస్తకాల_సంచి:
ఉండనివ్వండి. ఈ ఆదివారం స్లెడ్ బండ్ల చరణంతోనే మొదలుపెడతాం, మీ ప్రశ్న బోర్డు మీద రాస్తా. పుస్తకం మూసేసిన నలుగురిలో ఒకమ్మాయి పొద్దున మెసేజ్ పెట్టింది, మేడమ్ ఆ ఒకే శాలువాలో ఇద్దరు ఆడవాళ్ళ చోటు మళ్ళీ చదివించండి అని.