ప్రాక్టీసులో పులి, టోర్నమెంట్ పొద్దున కడుపునొప్పి... ఏం చేయాలి?

షటిల్ నాన్న:

అందరికీ నమస్తే. పెద్ద పోస్టు, కాస్త ఓపిక పట్టండి. మా పాపకి 11 ఏళ్లు, మూడేళ్లుగా బ్యాడ్మింటన్ ఆడుతోంది. ఆటంటే ఎంత పిచ్చి అంటే, ప్రాక్టీసు ఉన్న రోజు అలారం మోగకముందే లేచి, కిట్ బ్యాగ్ సర్దుకుని, వచ్చి నన్ను లేపుతుంది. అక్కడ తనకన్నా రెండేళ్లు పెద్ద పిల్లలతో కూడా నవ్వుతూ ఆడుతుంది, ఓడిపోతే ఇంకో గేమ్ అంటుంది. టోర్నమెంట్ అనేసరికి మాత్రం ఆ పిల్లేనా ఈ పిల్ల అనిపిస్తుంది. ముందు రోజు రాత్రి నుంచే మాటలు తగ్గిపోతాయి, పొద్దున్నే కడుపునొప్పి, పదిసార్లు బాత్రూమ్, కోర్టులోకి దిగాక కాళ్లు కదలవు, మామూలు షార్ట్ సర్వీస్ కూడా నెట్‌కి తగులుతుంది. ఏడాదిలో ఏడు టోర్నమెంట్లు ఆడితే ఐదింటిలో మొదటి రౌండ్‌లోనే ఇంటిదారి. అదీ ప్రాక్టీసులో అలవోకగా గెలిచే పిల్లల చేతిలో.

పోయిన ఆదివారం కూడా అంతే. వచ్చేటప్పుడు కారులో "నాన్నా, నేను ఆడతాను, కానీ టోర్నమెంట్లు వద్దు" అంది. నేను తిట్టే రకం కాదు, ఈ మూడేళ్లలో ఆట విషయంలో ఒక్క మాట అనలేదు. "పర్లేదమ్మా" అన్నాను. కాకపోతే 21 పాయింట్ల రెండో గేమ్‌లో 18-15తో ముందుండి కూడా అన్ని షాట్లూ ఆ అమ్మాయి ఫోర్‌హ్యాండ్‌కే, అంటే రాకెట్ చేతి వైపుకే, ఎందుకిచ్చావని అడిగాను. అంతే, ఇల్లు చేరేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను ప్రతి మ్యాచ్ వీడియో తీస్తాను, ఎక్కడ తేడా కొడుతోందో పట్టుకుందామని రాత్రి కూర్చుని చూస్తాను కూడా. టెక్నిక్‌లో లోపమేమీ కనిపించట్లేదు.

మానిపించాలా, కొన్నాళ్లు ఆపి చూడాలా, అదే అలవాటవుతుందని పంపుతూనే ఉండాలా? గెలవకపోయినా ఫర్వాలేదు, పోటీలో కూడా ప్రాక్టీసులోలా సంతోషంగా ఆడితే నాకు చాలు.

నెట్ కార్డ్:

పంపుతూనే ఉండండి, అంతే. టెన్షన్ లేని పోటీ ఎక్కడుంటుందండీ? మా వాడు మొదటి ఆరు టోర్నమెంట్లూ ఏడుస్తూనే ఆడాడు, ఇరవయ్యోది వచ్చేసరికి పక్క కోర్టు వాళ్లతో కబుర్లు చెబుతున్నాడు. ఈత నేర్పాలంటే నీళ్లలోకి దించాల్సిందే కదా. సింధునే చూడండి, 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి ఓడిపోయింది, 2018లో మళ్లీ ఫైనల్లో స్పెయిన్ అమ్మాయి మారిన్ చేతిలో ఓడింది. 2019లో అదే ఒకుహారాని 21-7, 21-7తో కొట్టింది. ఆ రెండు ఓటముల తర్వాత "ఫైనల్స్ వద్దు నాన్నా" అని ఉంటే?

పాత రాకెట్:

నెట్ కార్డ్ గారూ, సింధుకి అప్పటికి ఇరవై దాటాయి. ఆ ఫైనల్స్ తను కోరుకుని ఆడినవి. 11 ఏళ్ల పిల్లకి ఎంట్రీ ఫారం నింపేది నాన్న. ఈ రెండూ ఒకటి కాదు.

షటిల్ నాన్న గారూ, మీ పాప చోట ఒకప్పుడు నేనున్నాను కాబట్టి కొంచెం సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. మా నాన్న కూడా తిట్టేవారు కాదు. గెలిచిన రోజు ఇంటికి ఫోన్ చేసి "గెలిచాం" అనేవారు, ఓడిన రోజు "ఓడిపోయాడు" అనేవారు. ఆయన ఈ తేడా గమనించి ఉండరు, నాకు మాత్రం పదేళ్లకే తెలిసిపోయింది. ఓడినప్పుడు బండి స్టార్ట్ చేసే ముందు ఒక నిట్టూర్పు విడిచేవారు, చిన్నదే. నేను కోర్టులో 19-19 దగ్గర ఉన్నప్పుడు ఎదురుగా ఉన్న అబ్బాయి కనబడేవాడు కాదండీ, ఆ నిట్టూర్పు వినబడేది. అలాంటప్పుడు కాళ్లు ఎలా కదులుతాయి?

15 ఏళ్లకి మానేశాను. చదువు అని చెప్పాను, అందరూ నమ్మారు. మళ్లీ 24 ఏళ్లకి, ఆఫీసులో ఎవరో ఆడటానికి రమ్మంటే వెళ్లి రాకెట్ పట్టుకున్నాను. ఇప్పుడు లోకల్ టోర్నీల్లో మొదటి రౌండ్‌లో ఓడిపోయి హాయిగా నవ్వుకుంటూ వస్తాను, గ్యాలరీలో నాకోసం ఎవరూ లేరు కాబట్టి. ఇది రాస్తుంటే కొంచెం బాధగానే ఉంది.

మీరు తిట్టలేదన్నారు, నిజమే. కానీ 18-15 అన్న స్కోరు మీకు ఇవాళ్టికీ గుర్తుంది, తనకీ గుర్తుండే ఉంటుంది. ఇంటికి వచ్చేదారిలో మ్యాచ్ ఊసు మీరుగా ఎత్తకండి, తను ఎత్తితే వినండి. తను ఎత్తకపోతే ఇక అంతే, ఆ మ్యాచ్ అయిపోయింది.

బేస్‌లైన్ మాస్టారు:

పిల్లలకి కోచింగ్ ఇచ్చి ఇచ్చి నా గొంతు పోయింది, అందుకే టైపింగ్. పాత రాకెట్ చెప్పింది పక్కన పెట్టకండి, కానీ అన్నీ నాన్నల మీదికి తోసేయడం కూడా నాకు నచ్చదు. పోటీ ఏర్పాటులోనే పిల్లలకి పడనివి కొన్ని ఉన్నాయి.

ఒకటి, నాకౌట్. 32 మంది డ్రాలో 16 మంది మొదటి రౌండ్‌లోనే ఇంటికి పోతారు, మొత్తం మీద 31 మంది ఓడిపోయే పోతారు. పొద్దున్నే లేచి, మూడు గంటలు ఎదురుచూసి, అరగంట ఆడి వెనక్కి రావడంలో ఏ పిల్లకి సరదా ఉంటుంది? లీగ్ పద్ధతిలో జరిగేవి వెతకండి, ఓడినా గెలిచినా నాలుగు మ్యాచ్‌లు ఆడొచ్చు. దొరక్కపోతే మీరే ఎనిమిది మంది పిల్లల్ని పోగేసి, 11 పాయింట్ల గేములు పెట్టి, అందరితో అందరినీ ఆడించండి. స్కోరు పిల్లలనే రాసుకోనివ్వండి.

రెండోది వయసు. చాలాచోట్ల ఏజ్ గ్రూపులకి కటాఫ్ జనవరి 1. డిసెంబరులో పుట్టిన పిల్ల, అదే ఏడు జనవరిలో పుట్టిన పిల్లతో ఆడాలి. ఈ ఈడు పిల్లల్లో 11 నెలల తేడా అంటే భుజంలో, ఎత్తులో, గ్రహింపులో ఎంతో. కెనడా ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టినరోజులు చూసి 1985లోనే పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టారు, పై స్థాయి జట్లలో ఏడాది మొదట్లో పుట్టినవాళ్లే ఎక్కువట. మీ పాప ఏ నెలలో పుట్టింది?

కడుపునొప్పి సంగతి. అది వంక కాదు. కంగారు పుడితే అడ్రినలిన్ పెరిగి గుండె వేగం పుంజుకుంటుంది, రక్తం పొట్ట వైపు తగ్గి కండరాల వైపు మళ్లుతుంది, అందుకే తిప్పినట్టు ఉంటుంది. "ఏం లేదు, టెన్షన్ పడకు" అంటే పిల్లకి తన ఒళ్లే అబద్ధం చెబుతోందేమో అనిపిస్తుంది. "ఒళ్లు ఆటకి రెడీ అవుతోంది" అని చెప్పండి, అది నిజం కూడా. 2014లో హార్వర్డ్‌లో ఎలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ, పాటకో ప్రసంగానికో లెక్కల పరీక్షకో ముందు "నేను ప్రశాంతంగా ఉన్నా" అనుకున్నవాళ్ల కన్నా "నాకు హుషారుగా ఉంది" అనుకున్నవాళ్లు బాగా చేశారని చూపించింది. పీల్చే ఊపిరి కన్నా వదిలే ఊపిరి నిదానంగా ఉండేలా నాలుగైదు సార్లు చేయిస్తే గుండె దడ కూడా కొంత తగ్గుతుంది. అయితే ఇంట్లో అలవాటు చేయకుండా మ్యాచ్ రోజే మొదలుపెడితే అదో కొత్త పరీక్ష అవుతుంది. పోటీలు లేని రోజుల్లో కూడా నొప్పి వస్తుంటే మాత్రం డాక్టరుకి చూపించండి.

ఇక కోర్టులోకి ఒక్క పని ఇచ్చి పంపండి, గెలుపుతో సంబంధం లేనిది. "ఇవాళ షాట్ కొట్టగానే మధ్యకి రావాలి" లాంటిది. గేమ్‌లో ఎవరో ఒకరు 11 పాయింట్లకి చేరగానే వచ్చే 60 సెకన్ల బ్రేక్‌లో కూడా ఆ ఒక్కటే అడగాలి. మా పిల్లలకి నేను ప్రాక్టీసులో 18-18 నుంచి గేమ్ మొదలుపెట్టిస్తాను, మిగతా వాళ్లంతా చుట్టూ చేరి గోల చేస్తారు. మొదటి వారం బిక్కచచ్చిపోతారు, మూడో వారానికి "సార్, 18-18 ఆడదాం" అని వాళ్లే అడుగుతారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. తను ఆట వద్దనలేదు, టోర్నమెంట్ వద్దంది. అందులో సరిగ్గా ఏది వద్దో అడిగారా? నా దగ్గర ఒక బాబు ఇలాగే కడుపు పట్టుకునేవాడు, అందరం ప్రెషర్ అనుకున్నాం. తీరా చూస్తే మొదటి రౌండ్లలో లైన్ జడ్జిలు ఉండరు కదా, లోపల పడిన షటిల్‌ని ఎదుటివాడు అవుట్ అంటే వీడు నోరు మెదపలేడు, వాడి భయమంతా అదే. "సార్, ఇది చూడండి" అని అంపైర్‌ని ఎలా అడగాలో పదిసార్లు నాటకంలా ప్రాక్టీసు చేయించాం. సగం నొప్పి అక్కడే పోయింది. కాబట్టి అడగండి. ఇంటర్వ్యూలా ఎదురుగా కూర్చోబెట్టి కాదు, ఏదో పని చేసుకుంటూ.

ఈతపిల్లల అమ్మ:

మాది స్విమ్మింగ్ కుటుంబం, ఆట వేరైనా గోల ఒకటే. మాకున్న సౌకర్యం ఏంటంటే గడియారం. ఎనిమిదో స్థానంలో వచ్చినా తన పాత టైము కన్నా అర సెకను తగ్గితే పిల్ల నీళ్లలోంచి ఎగురుకుంటూ వస్తుంది. షటిల్‌లో అలాంటి గడియారాన్ని మీరే తయారుచేసుకోవాలి, మాస్టారు చెప్పిన "ఒక్క పని" అదే అనుకుంటా.

నార్వే సంగతి కూడా చెప్పాలి. అక్కడ పిల్లల క్రీడా హక్కులని 1987లోనే నియమాలు పెట్టుకున్నారు, 2007లో సవరించారు. పిల్లలకి 11వ ఏడు వచ్చేదాకా ర్యాంకుల పట్టికలు పెట్టరు, జాతీయ ఛాంపియన్‌షిప్‌లు 13వ ఏడు వచ్చాకే. ఏ పోటీలో పాల్గొనాలో, అసలు పాల్గొనాలో వద్దో పిల్లలకీ మాట ఉంటుంది. అంత మెత్తగా పెంచితే ఏం సాధిస్తారు అంటారేమో, జనాభా 60 లక్షలు కూడా లేని ఆ దేశం 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలు తెచ్చుకుంది, అప్పటికి అది రికార్డు.

అమెరికాలో సాకర్ పిల్లల్ని ఆటలో సరదా ఎందులో ఉందని అడిగిన అధ్యయనం ఒకటుంది. 81 కారణాలు వస్తే గెలవడం 48వ స్థానంలో ఉంది. గట్టిగా ప్రయత్నించడం, జట్టులో అందరూ బాగుండటం, కోచ్ బాగా చూసుకోవడం, ఇవన్నీ పైన. మా పాపకైతే మీట్‌లో, అంటే ఈత పోటీల్లో, అన్నిటికన్నా ఇష్టమైనది టెంట్ కింద స్నేహితులతో పేకాడుకోవడం. మొదట్లో నేను ఫోకస్ పోతుందని ఆపేదాన్ని, ఎంత తెలివితక్కువ పని.

నెట్ కార్డ్:

నార్వేలో మంచు ఉందండీ, పుట్టగానే స్కీలు కట్టుకుంటారు 🙂. సరే, పేకాట పాయింటు ఒప్పుకుంటాను. మా వాడి భయం పోయింది కూడా పక్క కోర్టులో స్నేహితుడు దొరికాకే, ఇప్పుడు ఆలోచిస్తే. కానీ పూర్తిగా ఆపేస్తే తిరిగి మొదలుపెట్టడం రెట్టింపు కష్టం, ఆ మాట మీద మాత్రం ఉంటాను.

బేస్‌లైన్ మాస్టారు:

అది నిజమే. ఆపకండి, తగ్గించండి. ఏడు ఆడేచోట మూడు, ఆ మూడూ తను ఎంచుకున్నవి.

షటిల్ నాన్న:

అందరికీ థాంక్స్. పాత రాకెట్ గారి పోస్టు చదివాక రెండు రోజులు దీని గురించే ఆలోచన. మాస్టారు, పాప పుట్టింది నవంబరులో, ఆ కోణం నాకెప్పుడూ తట్టలేదు.

నిన్న ఇద్దరం రాకెట్లకి గ్రిప్పులు మారుస్తూ కూర్చున్నాం. అప్పుడు అడిగాను, టోర్నమెంట్‌లో నీకు అస్సలు నచ్చనిది ఏంటని. ఓడిపోవడం అంటుందనుకున్నాను, లేదా జనం అంటుందని. తల ఎత్తకుండా "వీడియో" అంది. వీడియో తీస్తే ఏమైందమ్మా అంటే, "నువ్వు రాత్రి చూస్తావు కదా, నా గదిలోకి షటిల్ సౌండ్ వినిపిస్తుంది. నేను మిస్ కొట్టిన చోట ఆపి మళ్లీ వేస్తావు. ఎన్నిసార్లు వేశావో లెక్కపెడతాను" అంది. గోడకి ఇవతల నేను టెక్నిక్ వెతుక్కుంటున్నాను, గోడకి అవతల పిల్ల లెక్కపెడుతోంది. నాకు మాట రాలేదండీ.

వీడియోలు అన్నీ తన ముందే డిలీట్ చేద్దామని ఫోన్ తీస్తే, "అన్నీ వద్దు, నేను డైవ్ కొట్టినది ఉంచు" అంది. అది ఏ మ్యాచో నాకు గుర్తులేదు, తనే వెతికి చూపించింది. ఆ పాయింట్ కూడా పోయింది, అయినా పడి లేచి నవ్వుతోంది అందులో.

వచ్చే నెల సింగిల్స్ వద్దట, స్నేహితురాలితో కలిసి డబుల్స్ ఆడతానంది. నన్ను రమ్మంది కానీ ఫోన్ కారులోనే ఉంచాలని షరతు. డబుల్స్ గురించి నాకు బొత్తిగా తెలియదు మాస్టారు, ఇద్దరూ ఒకే షటిల్‌కి పరిగెత్తి రాకెట్లు కొట్టుకుంటున్నారు, దానికేమన్నా మార్గం ఉందా?

బేస్‌లైన్ మాస్టారు:

"నాది", "నీది" అని గట్టిగా అరవమనండి. మొదటి రెండు వారాలు ఇద్దరూ "నాది" అనే అరుస్తారు, పడి పడి నవ్వుతారు, నవ్వనివ్వండి.