బంగారం వెతకడానికి 3 అంగుళాల డ్రెడ్జా, 4 అంగుళాలదా?

అలాస్కాలో రిసరెక్షన్ క్రీక్ అనే వాగులో సరదాగా బంగారం వెతుకుతుంటాను. నా దగ్గర 2.5 అంగుళాల సక్షన్ డ్రెడ్జ్ (వాగు అడుగు నుంచి ఇసుక, రాళ్లు గొట్టంతో లాగే యంత్రం; అంగుళాలు గొట్టం వెడల్పు), 2.5 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్నాయి. నీటి లోతు మోకాలి వరకే. గొట్టంలో 10 నిమిషాలకోసారి రాయి ఇరుక్కుంటోంది. 5 గంటలు తవ్వినా 2 అడుగులు దాటలేదు, అడుగున ఉండే బండరాయి తగలనే లేదు. బంగారం చేరేది అక్కడే కదా!

పెద్ద రాళ్లు చేత్తో తీసేశాను. గొట్టం మూతికి చిన్న రింగు బిగించాను. పంపు జాలీ కడిగాను, స్లూయిస్ (లాగిన ఇసుకలోంచి బంగారాన్ని పట్టి ఉంచే తొట్టి) వాలు అడుగుకు అంగుళం ఉంచాను. పెద్దగా తేడా లేదు.

4 అంగుళాలది బాగా లాగుతుంది, కానీ బరువు. కారు దగ్గర్నుంచి అర కిలోమీటరు ఒక్కడినే మోయాలి, అదే టెన్షన్. ఒంటరిగా పనిచేసేవాళ్లు చెప్పండి: 3 అంగుళాలది కొంటే ఈ రాళ్లలో బండ దాకా దిగగలనా, లేక 4 తప్పదా?