మే నెలలో తాడోబా: అమ్మని తీసుకెళ్లొచ్చా?

మాది గుంటూరు, బ్రాడీపేట. అమ్మకి 62 ఏళ్లు. పులిని అడవిలో చూడాలని ఎన్నాళ్ల నుంచో అడుగుతోంది. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గరున్న తాడోబా పులుల అభయారణ్యానికి వెళ్దామనుకుంటున్నాం. పిల్లల సెలవులు మేలోనే. చంద్రపూర్ ఎండలో టాప్ లేని జిప్సీలో (సఫారీ జీపులో) తిరగడమంటే భయంగా ఉంది, పైగా ఆమెకి మోకాళ్ల నొప్పులు.

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. మేం నిరుడు మేలోనే బెజవాడలో రైలెక్కి బల్లార్షాలో దిగాం, అక్కణ్నుంచి కారులో తాడోబాలోకి వెళ్లే మొహర్లీ గేటుకి. మా నాన్నగారికి 70 దాటాయి. పొద్దున సఫారీలే బుక్ చేయండి, మధ్యాహ్నంవి వద్దు. అమ్మగారిని డ్రైవర్ వెనక వరసలో కూర్చోబెట్టండి, చివరి సీటులో కుదుపులకి నడుం పోతుంది.

ఎండాకాలంలో ఆకులు రాలిపోయి అడవి పల్చబడుతుంది, జంతువులన్నీ నీటిగుంటల దగ్గరికే చేరతాయి. మా సఫారీలో ముందు కొండముచ్చు అరిచింది, తర్వాత కణితి జింక. పులి దగ్గర్లో ఉంటే అవి అలా హెచ్చరిస్తాయి. గైడు బండి ఆపించాడు. పావుగంట ఎవరం మాట్లాడలేదు. పొదల్లోంచి ఆడపులి వచ్చి, వెనక్కి వెనక్కి నడుస్తూ నీళ్లలో కూర్చుంది. నాన్నగారు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఇంకొకరు: మంగళవారం పార్కు సెలవు, టికెట్లు తీసేముందు చూసుకోండి. కోర్ ఏరియాలోకి, అంటే లోపలి అడవిలోకి, సెల్‌ఫోన్లు రానివ్వరు. బుకింగ్‌లో ఇచ్చిన గుర్తింపు కార్డు ఒరిజినలే ఉండాలి.

అడిగినవారు: చాలా థ్యాంక్స్ అండీ. అమ్మకి చదివి వినిపించాను. పులి వెనక్కి నడిచిన సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. బుధవారం పొద్దున సఫారీకి చూస్తున్నాం.