అప్‌డేట్: తాగుడుకు పడినవాడు మళ్లీ సేవకు రావచ్చా?

పోయిన ఏడాది ఇక్కడే అడిగాను: తాగుడుకు పడ్డాను, సంఘ (చర్చి) పెద్దలు సేవ చేయొద్దన్నారు, అయినా దేవుని సేవకు పిలుపు వదలట్లేదు, ఏం చేయాలని. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

బైబిల్లో యోహాను సువార్త 18, 21 అధ్యాయాలు కలిపి చదవమన్న సలహానే నన్ను నిలబెట్టింది. శిష్యుడైన పేతురు యేసు ప్రభువును ఎరగనన్నది బొగ్గుల మంట దగ్గరే. ప్రభువు అతన్ని మూడుసార్లు “నన్ను ప్రేమిస్తున్నావా” అని అడిగిందీ బొగ్గుల మంట దగ్గరే. పడినవాణ్ణే మళ్లీ సేవకు పిలిచాడు. దేవరకొండ బస్సులో అది చదువుతూ ఏడ్చేశాను.

బైబిల్ కాలేజీ సర్టిఫికెట్, వేరే సంఘానికి మారడం, ఇవేవీ అవసరం పడలేదు. ముందు డాక్టరుకు చూపించుకొమ్మన్నారు పాస్టరుగారు, ఇంట్లో క్షమాపణ అడగమన్నారు. మందు ముట్టక పది నెలలైంది. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే వెళ్లి చాపలు పరుస్తున్నాను. వద్దన్న పెద్దల్లో ఒకాయన మొన్న నాచేత ప్రార్థన చేయించారు. ఇంకొకాయన ఇంకా మాట్లాడట్లేదు.