చెక్‌పోస్ట్ నుంచి మైండ్‌స్పేస్‌కి 36 మీదుగానా, 45 మీదుగానా?

కొత్త_ఆఫీసు: హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి మైండ్‌స్పేస్ ఐటీ పార్కుకి పొద్దున తొమ్మిదింటికి కారులో వెళ్లాలి. రోడ్ నంబర్ 36లో మాదాపూర్ మీదుగా పోవాలా, రోడ్ నంబర్ 45 ఫ్లైఓవర్ ఎక్కి దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాలా? మ్యాప్‌లో రెండిటికీ టైమ్ ఇంచుమించు ఒకటే చూపిస్తోంది.

దుర్గం_గట్టు: 45 మీదుగానే వెళ్లండి. 36లో వెళ్తే మాదాపూర్, సైబర్ టవర్స్ వైపు చుట్టు తిరగాలి. ఆ చుట్టు తప్పించడానికే 2020 సెప్టెంబర్‌లో బ్రిడ్జి తెరిచారు. ఫ్లైఓవర్ 1.7 కిలోమీటర్లు, బ్రిడ్జి అప్రోచ్‌లతో కలిపి ముప్పావు కిలోమీటరు. ఇంత దూరం ఒక్క సిగ్నలూ ఉండదు. చిక్కంతా దిగాకే. ఆగకుండా వచ్చిన బండ్లన్నీ గుంపుగా ఇనార్బిట్ మాల్, ఐటీసీ కోహినూర్ హోటల్ జంక్షన్ల మీద పడతాయి. అక్కడ కదలకపోతే క్యూ బ్రిడ్జి మీదికి పాకుతుంది. మీరు తిరగాల్సిన వైపు లేన్‌లోకి బ్రిడ్జి మీద ఉండగానే మారిపోండి. దిగాక అడ్డంగా దూరితే మీరూ ఇరుక్కుంటారు, వెనకవాళ్లనీ ఆపేస్తారు.

సర్వీస్_రోడ్: 36, 45 చీలే జంక్షన్ దగ్గర ఎడమకు ముందే సర్దుకోండి. ఫ్లైఓవర్ ఎక్కితే మధ్యలో దిగే దారి లేదు. రోడ్ 45లో టిఫిన్‌కో కాఫీకో ఆగాలంటే కింది రోడ్డులోనే పోవాలి.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు లెక్క వేరు. ఫ్లైఓవర్ దిగిన బండ్లు, కింది రోడ్డు బండ్లు, 36 నుంచి వచ్చేవి అన్నీ కలిసి చెక్‌పోస్ట్ దాకా బారులు తీరతాయి. బ్రిడ్జి వల్ల ఆదా అయిన టైమ్‌లో సగం అక్కడే పోతుంది.

కొత్త_ఆఫీసు: మరి మెట్రో?

దుర్గం_గట్టు: వానాకాలం సాయంత్రాలైతే కారు కన్నా అదే నయం. చెక్‌పోస్ట్ తర్వాత పెద్దమ్మ గుడి, మాదాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ, ఐదోది రాయదుర్గం. మైండ్‌స్పేస్‌కి రాయదుర్గంలో దిగండి. పేరు చూసి బ్రిడ్జి కోసమని దుర్గం చెరువు స్టేషన్‌లో దిగేవాళ్లు చాలామంది. అక్కణ్నుంచి బ్రిడ్జికి కిలోమీటరుకు పైనే నడవాలి.

సర్వీస్_రోడ్: బ్రిడ్జి చూడాలనుంటే కారు ఇనార్బిట్ వైపు పార్క్ చేసి ఫుట్‌పాత్ మీద నడవండి. ఫొటో కోసం బ్రిడ్జి మీద బండి ఆపితే చలానా పడుతుంది.